ప్రశ్నలు – జవాబులు: లినక్స్ కెర్నెల్‌లో కంజెషన్ కంట్రోల్

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం టీసీపీ రద్దీ సెట్టింగుల మీదే కాబట్టి శీర్షిక మొత్తం వాటికే ఇచ్చాం. కంజెషన్ కంట్రోల్ అంటే దారి కిక్కిరిసిపోకుండా ఒకేసారి ఎంత డేటా పంపాలో తేల్చుకునే పద్ధతి. క్యూబిక్, బీబీఆర్, రెనో అలాంటి అల్గారిథమ్‌ల పేర్లు. ఆదేశాలు, ఫైళ్ల పేర్లు పలికే తీరులో తెలుగులో అచ్చువేశాం. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లిషు చిన్న అక్షరాలతో కొట్టాలి. చుక్కలు, అండర్‌స్కోర్‌లు ఇక్కడ ఎక్కడున్నాయో అక్కడే ఉండాలి.

ప్రశ్న: ఉబుంటు లాప్‌టాప్‌లో క్యూబిక్ తీసేసి బీబీఆర్ పెట్టాను. సెట్టింగ్ పడింది, కనెక్షన్లలో బీబీఆర్ అని కూడా కనిపిస్తోంది. అయినా డౌన్‌లోడ్‌ల వేగం ఇసుమంతైనా పెరగలేదు. ఎక్కడ తప్పు జరిగింది?
— ఇంజినీరింగ్ విద్యార్థి, కూకట్‌పల్లి

జవాబు: తప్పేమీ లేదండి, పెట్టిన మెషీన్ అది కాదు, అంతే. దారిలో ఒకేసారి ఎన్ని ప్యాకెట్లు ఉండొచ్చో లెక్కగట్టేది డేటా పంపే వైపు కెర్నెల్. మీరు ఐఎస్ఓ ఫైలు దించుకుంటున్నప్పుడు పంపేది అవతలి సర్వర్. మీ లాప్‌టాప్ నుంచి వెళ్లేవి 'అందింది' అని చెప్పే చిన్న ఏసీకే ప్యాకెట్లే. అవతల క్యూబిక్ ఉంటే క్యూబిక్కే నడుస్తుంది, మీ బీబీఆర్‌కి అక్కడ పని లేదు. ఇక బ్రౌజర్‌లో చూసే వీడియోల్లో చాలా భాగం క్విక్ ప్రోటోకాల్ మీద, అంటే యూడీపీ మీద వస్తుంది. దాని కంజెషన్ కంట్రోల్ ఆయా ప్రోగ్రామ్ లోపలే ఉంటుంది, కెర్నెల్‌లో మీరు మార్చే టీసీపీ మీట దాన్ని తాకదు.

మీ సెట్టింగ్ పనికొచ్చేది అప్‌లోడ్‌లకి. గిట్ పుష్, డ్రైవ్‌కి ఫైళ్లు ఎక్కించడం, ఆర్‌సింక్ లాంటివన్నమాట.

ఇంట్లో నెట్ నెమ్మదించిందని చెప్పేవాళ్లలో చాలామంది బాధ నిజానికి వేరు. ఇది చేసి చూడండి: ఒక విండోలో 8.8.8.8కి పింగ్ పెట్టి, ఇంకో విండోలో పెద్ద ఫైలు అప్‌లోడ్ మొదలుపెట్టండి. పది మిల్లీసెకన్ల దగ్గర ఉన్న పింగ్ 200, 300కి ఎగబాకితే రౌటర్ బఫర్‌లో ప్యాకెట్లు గుట్టపడుతున్నాయని అర్థం. దీన్ని బఫర్‌బ్లోట్ అంటారు. దీనికి మందు లాప్‌టాప్‌లో లేదు, రౌటర్‌లో ఉంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్ల కోసం ఉన్న లినక్స్) ఎక్కే రౌటర్ అయితే, క్యూని అదుపులో ఉంచే ఎస్‌క్యూఎమ్ ప్యాకేజీ వేసి, క్యూ రకం 'కేక్' ఎంచుకుని, వేగం దగ్గర మీకు నిజంగా వచ్చే దానికంటే ఐదు నుంచి పది శాతం తక్కువ రాయండి. 40 మెగాబిట్ల అప్‌లోడ్ వస్తుంటే 36 నుంచి 38. తక్కువ ఎందుకంటే, క్యూ ఏర్పడాల్సింది మీ అదుపులో ఉన్న పెట్టెలో. సమానంగా రాస్తే గుట్ట మళ్లీ ప్రొవైడర్ వైపు పడుతుంది. అలాగే రౌటర్‌లో హార్డ్‌వేర్ ఫ్లో ఆఫ్‌లోడ్ ఆన్‌లో ఉంటే ప్యాకెట్లు ఎస్‌క్యూఎమ్‌ని దాటుకుని పోతాయి, దాన్ని ఆపేయాలి. చవక రౌటర్ ప్రాసెసర్‌కి ఇది బరువే. వేగం మరీ పడిపోతే టాప్ ఆదేశంలో సాఫ్ట్‌ఇంటరప్ట్ శాతం చూడండి.

ప్రశ్న: రోజూ రాత్రి మా సర్వర్ నుంచి అమెరికాలో వర్జీనియాలో ఉన్న మెషీన్‌కి ఆర్‌సింక్‌తో బ్యాకప్ పంపుతాం. లీజ్డ్ లైన్ 200 మెగాబిట్లు. లోకల్‌గా పరీక్షిస్తే పూర్తిగా వస్తుంది. అక్కడికి మాత్రం 16, 17 దాటదు. ప్రొవైడర్ 'మా లైన్ బాగానే ఉంది' అంటున్నాడు. ఎస్ఎస్ ఆదేశం ఇచ్చింది ఇది: క్యూబిక్, ఆర్‌టీటీ 221.4, ఎంఎస్ఎస్ 1448, సీడబ్ల్యూఎన్‌డీ 312, డేటా_సెగ్స్_అవుట్ 17,40,000, రీట్రాన్స్ 0/184. ఎక్కడ చూడాలి?
— సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్, గచ్చిబౌలి

జవాబు: ఎస్ఎస్ అవుట్‌పుట్ జత చేసినందుకు ధన్యవాదాలు, సగం పని అయిపోయింది. ప్రొవైడర్ చెప్పింది అబద్ధమేమీ కాదు. ఆ అంకెలు ఇలా చదవాలి.

సీడబ్ల్యూఎన్‌డీ 312 అంటే ఏసీకే రాకముందు దారిలో ఉంచగలిగే ప్యాకెట్లు 312. ఒక్కోటి 1448 బైట్లు, మొత్తం 4,51,776 బైట్లు. ఇవి వెళ్లి జవాబు రావడానికి పట్టే సమయం, అంటే ఆర్‌టీటీ, 221.4 మిల్లీసెకన్లు. బిట్లలోకి మార్చి భాగిస్తే సెకనుకి 16.3 మెగాబిట్లు. మీకు వస్తున్నది సరిగ్గా అంతే. అంటే అడ్డు లైన్ కాదు, విండో. 200 మెగాబిట్ల లైన్‌ని ఈ ఆర్‌టీటీతో నింపాలంటే దారిలో దాదాపు 5.5 మెగాబైట్ల డేటా ఉండాలి, అంటే 3,800 పైచిలుకు ప్యాకెట్లు. మీ దగ్గర 312 ఉన్నాయి.

మరి విండో ఎందుకు పెరగట్లేదు? రీట్రాన్స్ దగ్గర గీతకి ముందున్నది ఈ క్షణాన మళ్లీ పంపుతూ జవాబు కోసం చూస్తున్నవి, తర్వాత ఉన్నది కనెక్షన్ మొదలైనప్పటి నుంచి మళ్లీ పంపిన మొత్తం. 17.4 లక్షలకి 184, అంటే పదివేలకి ఒకటి. వినడానికి ఏమీ కాదు. కానీ క్యూబిక్ ఒక్క ప్యాకెట్ పోయినా దారి కిక్కిరిసిందనుకుని విండోని 0.7కి కోస్తుంది. సముద్రం అడుగు కేబుళ్ల మీదుగా వెళ్లే దారిలో పదివేలకి ఒకటి పోవడం రద్దీ వల్లే అవ్వాలని లేదు. క్యూబిక్ సగటు విండోకి ఆర్‌ఎఫ్‌సీ 8312లో సూత్రం ఉంది: ఆర్‌టీటీని సెకన్లలో తీసుకుని ప్యాకెట్ నష్టంతో భాగించి, దాన్ని 0.75 ఘాతానికి పెంచి, 1.054తో గుణించాలి. మీ అంకెలు వేస్తే 326 ప్యాకెట్లు, అంటే 17 మెగాబిట్లు వస్తుంది. పాత రెనో అయి ఉంటే ఆరు, ఏడు దగ్గరే ఆగేది. లైన్ 200 నుంచి 500కి పెంచుకున్నా మీ బ్యాకప్ వేగం మారదు, కాబట్టి ఆ ఖర్చు పెట్టకండి.

మార్చే ముందు ఒకటి రూఢి చేసుకోండి. 'ఎస్ఎస్ మైనస్ టీఐఎన్' అవుట్‌పుట్‌లోనే 'ఆర్‌డబ్ల్యూఎన్‌డీ_లిమిటెడ్', 'ఎస్ఎన్‌డీబఫ్_లిమిటెడ్' అని శాతాలు కనిపిస్తాయి. మొదటిది పెద్దదైతే అవతలి మెషీన్ రిసీవ్ బఫర్ చాలట్లేదు, రెండోది పెద్దదైతే మీ సెండ్ బఫర్ చాలట్లేదు. రెండూ అసలు కనిపించకపోతే అడ్డు కంజెషన్ విండోనే.

ఇప్పుడు మార్పులు. మీ సర్వర్‌లో, అంటే పంపే వైపు, 'మోడ్‌ప్రోబ్ టీసీపీ_బీబీఆర్' కొట్టండి, ఇది బీబీఆర్ మాడ్యూల్‌ని కెర్నెల్‌లోకి ఎక్కిస్తుంది. తర్వాత మెషీన్ మొత్తానికి మార్చకుండా వర్జీనియా దారికి మాత్రమే పెట్టండి: 'ఐపీ రూట్ యాడ్', ఆ సర్వర్ ఐపీ, 'వయా' మీ గేట్‌వే, చివర 'కాంగ్‌సీటీఎల్ బీబీఆర్'. కాంగ్‌సీటీఎల్ తర్వాత 'లాక్' అని చేరిస్తే ఏ అప్లికేషనూ దాన్ని మార్చలేదు. మిగతా ట్రాఫిక్ అంతా క్యూబిక్ మీదే ఉంటుంది. తేడా వస్తే ఒక్క రూట్ తీసేస్తే సరిపోతుంది. అందుకే నేనైతే ముందు ఈ పద్ధతే చెబుతాను.

బీబీఆర్ పోయిన ప్యాకెట్లని చూసి బెదరదు. గత పది రౌండ్లలో అందిన గరిష్ఠ వేగం, గత పది సెకన్లలో కనిపించిన కనిష్ఠ ఆర్‌టీటీ, ఈ రెండూ కొలుచుకుని ఆ లెక్కన ప్యాకెట్లు వదులుతుంది. ఎనిమిది అంచెల చక్రంలో ఒక అంచెలో 1.25 రెట్లు తోసి చూస్తుంది, తర్వాతి అంచెలో 0.75కి తగ్గి పేరుకున్న క్యూని ఖాళీ చేస్తుంది, మిగతా ఆరింటిలో సమంగా నడుస్తుంది. కనిష్ఠ ఆర్‌టీటీ పది సెకన్ల పాటు తాజాగా కనబడకపోతే 200 మిల్లీసెకన్లు నాలుగు ప్యాకెట్లకి తగ్గి మళ్లీ కొలుస్తుంది. గ్రాఫ్‌లో అప్పుడప్పుడు చిన్న గుంట పడితే కంగారు పడకండి, అది అదే.

అయితే బీబీఆర్ ఒక్కటే పెడితే మీరు 110 మెగాబిట్ల దగ్గర మళ్లీ ఆగుతారు. చాలా డిస్ట్రిబ్యూషన్లలో 'నెట్.ఐపీవీ4.టీసీపీ_ఆర్‌మెమ్' మూడో అంకె (రిసీవ్ బఫర్ గరిష్ఠ హద్దు) 62,91,456, అంటే ఆరు మెగాబైట్లు. అందులో సుమారు సగం దాకానే విండోగా ప్రకటిస్తుంది. మూడు మెగాబైట్లని 0.22 సెకన్లతో భాగిస్తే 110 చిల్లర. అందుకని వర్జీనియా మెషీన్‌లో టీసీపీ_ఆర్‌మెమ్ మూడో అంకెని, ఇక్కడ సెండ్ బఫర్ హద్దయిన టీసీపీ_డబ్ల్యూమెమ్ మూడో అంకెని 1,67,77,216 చేయండి. కామాలు అచ్చు కోసం, సిస్‌సీటీఎల్ సెట్టింగుల ఫైల్లో పెట్టకండి. మొదటి రెండు అంకెలు ముట్టుకోవద్దు. చాలామంది దీంతోపాటు 'నెట్.కోర్.ఆర్‌మెమ్_మ్యాక్స్' కూడా పెంచి అదే పనిచేసిందనుకుంటారు. అది అప్లికేషన్ తానుగా బఫర్ సైజు అడిగినప్పటి పరిమితి. కెర్నెల్ తనంతట పెంచుకునే బఫర్‌కి దానితో సంబంధం లేదు. ఇంకో పొరపాటు మరీ ప్రమాదం: 'టీసీపీ_మెమ్' అని పోలిన పేరుతో వేరొకటి ఉంది, దాని లెక్క బైట్లలో కాదు, పేజీల్లో. ఒక్కో పేజీ 4 కిలోబైట్లు. అందులో బైట్ల అంకె పడితే కెర్నెల్ టీసీపీకి పెట్టుకున్న మెమరీ హద్దే చెరిగిపోతుంది.

ఒక జాగ్రత్త. ప్రధాన కెర్నెల్‌లో ఉన్నది బీబీఆర్ మొదటి వెర్షన్. దారిలో చిన్న బఫర్లున్న చోట అది పక్కనున్న క్యూబిక్ కనెక్షన్లని తొక్కేస్తుంది, మళ్లీ పంపే ప్యాకెట్లు కూడా పెరుగుతాయి. రాత్రి షిఫ్టులో ఆఫీసు కాల్స్ ఇదే లైన్ మీద నడుస్తుంటే ఆర్‌సింక్‌కి 'బీడబ్ల్యూలిమిట్' పెట్టి 150 మెగాబిట్లకి కట్టేయండి. ఆ ఆప్షన్ కిలోబైట్లలో అడుగుతుంది కాబట్టి 18000 అని రాయాలి. ఎఫ్‌క్యూ (ప్యాకెట్లని వరసపెట్టి వదిలే కెర్నెల్ క్యూ) వాడుతుంటే 'మ్యాక్స్‌రేట్ 150ఎంబిట్' ఇంకో దారి. అయితే అది ఒక్కో కనెక్షన్‌కి విడివిడిగా వర్తిస్తుంది, మొత్తానికి కాదు.

ప్రశ్న: సిస్‌సీటీఎల్ కాన్ఫిగ్‌లో డీఫాల్ట్ క్యూడిస్క్ ఎఫ్‌క్యూ, కంజెషన్ కంట్రోల్ బీబీఆర్ అని రెండు లైన్లూ రాశాను. రీబూట్ తర్వాత బీబీఆర్ ఉంటోంది గానీ క్యూ ఎఫ్‌క్యూ_కోడెల్ అనే చూపిస్తోంది. ఎఫ్‌క్యూ తప్పనిసరా?
— మాదాపూర్

జవాబు: తప్పనిసరి కాదు, ఉంటే మంచిది. క్యూడిస్క్ అంటే ప్యాకెట్లు బయటికి వెళ్లే ముందు నిలబడే క్యూ తీరు, ఎఫ్‌క్యూ, ఎఫ్‌క్యూ_కోడెల్ అందులో రకాలు. బీబీఆర్ ప్యాకెట్లని గుంపుగా వదలకుండా సమాన వ్యవధుల్లో వదలాలి. 2016లో 4.9 కెర్నెల్‌లో బీబీఆర్ వచ్చినప్పుడు ఆ పని ఎఫ్‌క్యూ ఒక్కటే చేసేది. 4.13 నుంచి టీసీపీ తానే టైమర్లు పెట్టుకుని చేసుకోగలదు. వేల కనెక్షన్లున్న సర్వర్‌లో ఇప్పటికీ ఎఫ్‌క్యూతో ప్రాసెసర్ భారం తక్కువ.

మీ లైను నిలవకపోవడానికి కారణం ఫైలు పేరు. సిస్టమ్‌డీతో పాటు వచ్చే '50-డీఫాల్ట్.కాన్ఫ్' ఫైల్లో డీఫాల్ట్ క్యూడిస్క్ ఎఫ్‌క్యూ_కోడెల్ అని ఉంటుంది. 'ఈటీసీ/సిస్‌సీటీఎల్.డీ' లోనివి, వ్యవస్థతో వచ్చినవి అన్నీ కలిపి పేరు వరసలో చదువుతుంది, చివర చదివినదే నిలుస్తుంది. మీ ఫైలు పేరు 10తోనో 20తోనో మొదలైతే 50 వచ్చి దాన్ని కొట్టేస్తుంది. '90-నెట్‌వర్క్.కాన్ఫ్' అని మార్చండి. పాత సిస్‌సీటీఎల్.కాన్ఫ్‌లో అదే మీట ఇంకో విలువతో మిగిలి ఉందేమో కూడా గ్రెప్ చేసి చూడండి.

రీబూట్ లేకుండా 'సిస్‌సీటీఎల్ డబుల్ డాష్ సిస్టమ్' కొడితే విలువ మారుతుంది గానీ, ఇప్పటికే నడుస్తున్న ఇంటర్‌ఫేస్ క్యూ మారదు. డీఫాల్ట్ అనేది కొత్తగా పుట్టే క్యూలకే. చేత్తో మార్చేముందు 'టీసీ క్యూడిస్క్ షో' చూడండి. మొదటి లైన్లో 'ఎంక్యూ' అని ఉంటే మీ కార్డుకి చాలా హార్డ్‌వేర్ క్యూలున్నాయి. అప్పుడు రూట్ దగ్గర ఎఫ్‌క్యూ పెడితే అన్ని కోర్లూ ఒకే తాళం కోసం కొట్టుకుంటాయి. బదులుగా 'టీసీ క్యూడిస్క్ రీప్లేస్ డెవ్ ఈటీహెచ్0 రూట్ ఎంక్యూ' అనండి. ఎంక్యూ మళ్లీ పుడుతూ దాని కింద ఒక్కో క్యూకీ కొత్త డీఫాల్ట్, అంటే ఎఫ్‌క్యూ, తగిలించుకుంటుంది. ట్రాఫిక్ తక్కువున్న వేళ చేయండి, క్యూలో ఉన్న ప్యాకెట్లు ఆ క్షణాన పోతాయి.

కంజెషన్ కంట్రోల్ మార్చాక ఎంజిన్‌ఎక్స్ రీస్టార్ట్ చేయాలా అని చాలామంది అడుగుతారు. అక్కర్లేదు. అప్లికేషన్ తనకు తానుగా ఫలానాది కావాలని అడగకపోతే, కొత్తగా వచ్చే ప్రతి కనెక్షన్ అప్పటి డీఫాల్ట్‌నే తీసుకుంటుంది. పాత కనెక్షన్లు మాత్రం పాతదానితోనే పోతాయి. డేటాబేస్ పూల్‌లో రోజుల తరబడి తెరిచి ఉన్నవి అందుకే క్యూబిక్ అని చూపిస్తుంటాయి.

ప్రశ్న: అమెరికా క్లయింట్‌కి మా ఏపీఐ సర్వర్ హైదరాబాద్ నుంచే జవాబిస్తుంది. కనెక్షన్ తెరిచే ఉంటుంది, అయినా కాసేపు ఊరుకుని అడిగిన మొదటి పెద్ద జవాబు ఆలస్యం, వెంటనే అడిగిన రెండోది వేగం. క్యూబిక్ వాడుతున్నాం.
— కొండాపూర్

జవాబు: 'నెట్.ఐపీవీ4.టీసీపీ_స్లో_స్టార్ట్_ఆఫ్టర్_ఐడిల్' మామూలుగా 1 ఉంటుంది. కనెక్షన్ ఊరుకుంటే ఒక్కో రీట్రాన్స్‌మిషన్ టైమవుట్ గడిచేకొద్దీ విండోని సగం చేస్తూ మొదటి విలువ దాకా తెస్తుంది. ఆ మొదటి విలువ 10 ప్యాకెట్లు, 2011లో 2.6.39 కెర్నెల్ నుంచి ఇదే. మీ జవాబు 600 కిలోబైట్లనుకోండి, అవి 415 ప్యాకెట్లు. రౌండ్‌కి రెట్టింపు చొప్పున 10, 20, 40, 80, 160 పంపితే 310. ఇంకా మిగిలినవి ఆరో రౌండ్‌లో. ఆర్‌టీటీ 220 అయితే 1.3 సెకన్లు అక్కడే కరిగిపోయాయి. సర్వర్‌లో ఆ విలువని 0 చేయండి. బీబీఆర్‌కి మారితే ఈ మీట అసలు వర్తించదు, తన వేగం తానే చూసుకుంటుంది కాబట్టి కెర్నెల్ దాని జోలికి పోదు.

ప్రశ్న: మెనూకాన్ఫిగ్‌లో (కెర్నెల్ కంపైల్‌కి ముందు ఎంపికలు చేసే మెనూలో) ఇన్ని అల్గారిథమ్‌లు ఉన్నాయి: వెస్ట్‌వుడ్, హెచ్-టీసీపీ, హైబ్లా, వేగస్, వీనో, ఇలినాయ్, డీసీటీసీపీ... ఏది ఎప్పుడు?
— ఎంటెక్ విద్యార్థిని, ఇబ్రహీంపట్నం

జవాబు: నిజం చెప్పాలంటే వీటిలో ఎక్కువ భాగం పరిశోధన కోసం ఉన్నవి. నిత్యం నడిచే సర్వర్‌లో క్యూబిక్, బీబీఆర్, డేటా సెంటర్ లోపల డీసీటీసీపీ. ఈ మూడు దాటి వెళ్లాల్సిన అవసరం అరుదు.

వేగస్ ఆలస్యం పెరగడం చూసి ముందే తగ్గుతుంది. ఆలోచన మంచిదే, కానీ అదే లైన్లో క్యూబిక్ ఉంటే అది బఫర్ నింపుతూ పోతుంది, వేగస్ మర్యాదకి పోయి ఖాళీ చేతులతో మిగులుతుంది. హైబ్లా ఉపగ్రహ లింకుల కోసం. వెస్ట్‌వుడ్ వైర్‌లెస్ నష్టాన్ని దృష్టిలో పెట్టుకుని రాసింది. 'లో ప్రయారిటీ' అనే ఎల్‌పీ మిగిలిన వేగమే వాడుకోవాలనుకునే బ్యాకప్‌లకి.

డీసీటీసీపీ గురించి కాస్త వివరంగా చెప్పాలి, దీంతోనే ల్యాబుల్లో ఎక్కువ గందరగోళం. అది పోయిన ప్యాకెట్ల కోసం చూడదు. స్విచ్ క్యూ ఒక హద్దు దాటగానే ప్యాకెట్ల మీద ఈసీఎన్ ముద్ర (దారి నిండుతోందన్న గుర్తు) వేస్తుంది. ఎంత శాతం ముద్రలు వచ్చాయో దాన్ని బట్టి విండో తగ్గుతుంది. కాబట్టి రెండు చివర్లా డీసీటీసీపీ, దారిలో ప్రతి స్విచ్‌లో ఈసీఎన్ మార్కింగ్, మూడూ ఉండాలి. స్విచ్‌లో మార్కింగ్ పెట్టకపోతే అది మామూలు రెనోలా ప్రవర్తిస్తుంది, మీ గ్రాఫ్‌లో ఏ తేడా రాదు. ఇంటర్నెట్ వైపు ఉన్న సర్వర్‌కి డీఫాల్ట్‌గా పెట్టకూడదు.

రెనో జాబితాలోంచి ఎందుకు పోదని కూడా రాశారు. అది ఆఖరి ఆసరా, మాడ్యూల్ కాదు, కెర్నెల్‌లోనే కలిసి ఉంటుంది. దీని మూలాలు 1986 అక్టోబరులో ఉన్నాయి. లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కీ బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య, నాలుగు వందల గజాల దూరంలో, సెకనుకి 32 కిలోబిట్ల వేగం కాస్తా 40 బిట్లకి పడిపోయింది. కిలో లేదు, ఉత్త బిట్లే. దాని కారణాలు వెతికి వాన్ జాకబ్సన్ 1988లో ప్రచురించిన పేపర్ నుంచే స్లో స్టార్ట్, కంజెషన్ అవాయిడెన్స్ వచ్చాయి.

ప్రశ్న: బీబీఆర్‌ని డీఫాల్ట్‌గా పెట్టి కెర్నెల్ కంపైల్ చేద్దామనుకుంటే 'డీఫాల్ట్ టీసీపీ కంజెషన్ కంట్రోల్' జాబితాలో బీబీఆర్ పేరే రావట్లేదు. పైన మాత్రం ఎంచుకున్నాను.
— ఉప్పల్

జవాబు: పైన మీరు ఎంచుకున్నది 'ఎం', అంటే మాడ్యూల్. డీఫాల్ట్ జాబితాలో కనిపించాలంటే 'వై' ఉండాలి, బ్రాకెట్లో నక్షత్రం గుర్తు. డీఫాల్ట్ బూట్ సమయానికే కెర్నెల్ లోపల సిద్ధంగా ఉండాలి కదా, డిస్కులో ఉన్న మాడ్యూల్‌ని నమ్ముకోలేదు. మెనూకాన్ఫిగ్‌లో దారి: నెట్‌వర్కింగ్ సపోర్ట్, నెట్‌వర్కింగ్ ఆప్షన్స్, టీసీపీ/ఐపీ నెట్‌వర్కింగ్, అందులో 'టీసీపీ: అడ్వాన్స్‌డ్ కంజెషన్ కంట్రోల్'. ఈ చివరిది ఆపి ఉంటే జాబితా అంతా మాయమై క్యూబిక్, రెనో రెండే మిగులుతాయి.

కానీ ముందు ఒక మాట. కంపైల్ అవసరమా? 'బూట్' డైరెక్టరీలో మీ కెర్నెల్ పేరుతో ఉన్న కాన్ఫిగ్ ఫైల్లో 'టీసీపీ_కాంగ్' అని గ్రెప్ చేయండి (ఆ ఫైల్లో ఇవి పెద్ద అక్షరాల్లో ఉంటాయి). బీబీఆర్ పక్కన 'ఎం' ఉంటే కంపైల్ దండగ. సిస్‌సీటీఎల్ లైను చాలు, రూట్‌గా ఆ విలువ పెట్టగానే కెర్నెల్ తానే మాడ్యూల్‌ని ఎక్కించుకుంటుంది. 'టీసీపీ_అవైలబుల్_కంజెషన్_కంట్రోల్'లో బీబీఆర్ కనిపించలేదని బెంబేలెత్తకండి. అది ఎక్కినవాటినే చూపిస్తుంది, డిస్కులో ఉన్నవాటిని కాదు. విలువ పెట్టినప్పుడు 'నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ' అని వస్తే మాత్రం మాడ్యూల్ నిజంగానే లేదు.

కంపైలే చేస్తానంటే, నడుస్తున్న కాన్ఫిగ్‌ని '.కాన్ఫిగ్'గా కాపీ చేసి 'మేక్ ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్', మార్పులు, తర్వాత 'మేక్ బిన్‌డెబ్-పీకేజీ'. ఉబుంటు కాన్ఫిగ్‌తో మొదలుపెడితే మధ్యలో కానానికల్ సర్టిఫికెట్ ఫైలు లేదని ఆగిపోతుంది. 'సిస్టమ్_ట్రస్టెడ్_కీస్', 'సిస్టమ్_రివొకేషన్_కీస్' రెండూ ఖాళీ చేయండి. డీబగ్ ఇన్ఫో తీసేయకపోతే డిస్కు పదుల జీబీలు మింగుతుంది. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్న మెషీన్ మీరు సంతకం చేయని కెర్నెల్‌ని బూట్ చేయదు.

ప్రశ్న: ప్రాజెక్టు కోసం నెట్‌ఎమ్‌తో 200 మెగాబిట్లు, 220 మిల్లీసెకన్ల లింకు తయారుచేశాం. నష్టం సున్నా పెట్టినా ప్యాకెట్లు పోతున్నాయి, క్యూబిక్ 60 దాటట్లేదు. బీబీఆర్ అంకెలూ వింతగా ఉన్నాయి.
— బీటెక్ బృందం, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఆలస్యం, నష్టం కృత్రిమంగా సృష్టించే నెట్‌ఎమ్ తాను ఆలస్యం చేస్తున్న ప్యాకెట్లన్నిటినీ తన దగ్గరే పట్టుకుని ఉంచాలి. దాని 'లిమిట్' చెప్పకపోతే వెయ్యి ప్యాకెట్లు. మీ లింకుకి దారిలో ఉండాల్సినవి 3,700. వెయ్యి దాటినవి రాలిపోతున్నాయి. ఆదేశం చివర 'లిమిట్ 10000' చేర్చండి.

రెండోది: నెట్‌ఎమ్‌ని పంపే మెషీన్ మీదే పెట్టారు. పంపే మెషీన్ సొంత క్యూలో ఎక్కువ ప్యాకెట్లు పేరుకోకుండా టీసీపీకి ఇంకో కట్టడి ఉంది, అది ఈ ఆలస్యంతో కలిసి కొలతలని చెడగొడుతుంది. ఎఫ్‌క్యూ ఉండాల్సిన చోట నెట్‌ఎమ్ కూర్చుంటుంది కూడా. మధ్యలో మూడో మెషీన్ పెట్టి, దాన్ని రౌటర్‌లా చేసి, అక్కడ నెట్‌ఎమ్ వేయండి. మెషీన్ లేకపోతే మూడు వర్చువల్ మెషీన్లైనా సరే.

పరుగుకీ పరుగుకీ మధ్య 'ఐపీ టీసీపీ_మెట్రిక్స్ ఫ్లష్' కొట్టండి, లేకపోతే కిందటి పరుగులో నేర్చుకున్న విలువలు తర్వాతి దానికి అంటుకుంటాయి. ఐపెర్ఫ్3కి పెద్ద 'సీ' ఆప్షన్‌తో అల్గారిథమ్ పేరిస్తే సిస్టమ్ సెట్టింగ్ ముట్టుకోకుండానే పోల్చుకోవచ్చు. 'డబ్ల్యూ' ఆప్షన్ మాత్రం వాడొద్దు, అది ఇస్తే కెర్నెల్ బఫర్‌ని తానుగా పెంచుకోవడం మానేస్తుంది. ఒక్కో పరుగు కనీసం 60 సెకన్లు ఉండాలి. పది సెకన్ల పరుగులో బీబీఆర్ తన ఆర్‌టీటీని తిరిగి కొలిచే సందర్భమే రాకపోవచ్చు.

ప్రశ్న: హోస్ట్‌లో బీబీఆర్ పెట్టినా డాకర్ కంటైనర్లలో క్యూబిక్ అనే వస్తోంది. లోపలికెళ్లి మార్చబోతే 'రీడ్-ఓన్లీ' అంటోంది.
— అమీర్‌పేట

జవాబు: 4.15 కెర్నెల్ నుంచి ఈ సెట్టింగ్ ఒక్కో నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌కి (కంటైనర్‌కి విడిగా ఉండే నెట్‌వర్క్ విభాగానికి) వేరు. కంటైనర్ పుట్టినప్పుడు హోస్ట్ విలువని కాపీ చేసుకుంటుంది. తర్వాత హోస్ట్‌లో మార్చినా దానికి తెలియదు. మీ కంటైనర్లు మార్పుకి ముందే పుట్టి ఉంటాయి. ఆపి మళ్లీ లేపితే కొత్త విలువ వస్తుంది. ఒక్క కంటైనర్‌కే కావాలంటే 'డాకర్ రన్'కి 'డబుల్ డాష్ సిస్‌సీటీఎల్ నెట్.ఐపీవీ4.టీసీపీ_కంజెషన్_కంట్రోల్=బీబీఆర్' ఇవ్వండి. మాడ్యూల్ మాత్రం హోస్ట్‌లో ముందే ఎక్కి ఉండాలి, కంటైనర్ లోపలి నుంచి ఎక్కదు. హోస్ట్ నెట్‌వర్క్ మోడ్‌లో నడిపే కంటైనర్లకి ఈ ఆప్షన్ ఇస్తే డాకర్ ఒప్పుకోదు, వాటికి హోస్ట్ విలువే విలువ. డీఫాల్ట్ క్యూడిస్క్‌ని కంటైనర్‌లో వెతకొద్దు, అది హోస్ట్‌లో ఒకటే ఉంటుంది.